గేరు హబ్బులోనే ఉండాలి

చెరువు కట్ట ఎక్కేచోట పాల క్యాన్లతో వచ్చే సైకిలు ఆగిపోతుంది. మనిషి దిగి, తోసుకుంటూ కట్ట మీదికి చేరి, మళ్లీ ఎక్కుతాడు. రెండు పూటలా ఇదే తంతు. బరువులు మోసే మన సైకిలుకు ఒకే గేరు ఉండడమే ఈ అవస్థకు కారణం.

పట్నం షాపుల్లో గేరు సైకిళ్లు లేకపోలేదు. పిల్లలు మారాం చేసి మరీ కొనిపించుకుంటున్నారు. అయితే వాటి గేర్లు చక్రం పక్కన బయటికి వేలాడుతుంటాయి. చైను ఒక పళ్లచక్రం మీదినుంచి మరోదాని మీదికి దూకాలి. రేగడి బురద పట్టినా, గడ్డి పోచ చుట్టుకున్నా, సైకిలు ఓసారి ఆ పక్కకు పడినా చాలు, మొరాయిస్తుంది. వరి మోపు కట్టుకుని డొంక దారిన వచ్చే రైతుకు అది పనికిరాదు.

పనికొచ్చేది వేరే ఉంది. వెనుక హబ్బు లోపలే గేర్లు దాగిన ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఇంగ్లండులోని నాటింగ్‌హామ్‌లో 1900ల తొలి ఏళ్ల నుంచే స్టర్మీ-ఆర్చర్ పేరుతో మూడు గేర్ల హబ్బులు తయారయ్యాయి. 1930లలో వచ్చిన ఏడబ్ల్యు రకం దశాబ్దాలపాటు లక్షల రాలీ సైకిళ్లను నడిపింది. 2000లో ఆ వ్యాపారం తైవాన్ కంపెనీ చేతికి వెళ్లినా మూడు గేర్ల హబ్బు తయారీ ఆగలేదు.

దాని లోపల ఇరుసు మీద 20 పళ్ల చిన్న చక్రం కదలకుండా ఉంటుంది. దాని చుట్టూ నాలుగు పిల్ల చక్రాలు, వాటిని చుట్టి 60 పళ్ల కంకణం. రెండో గేరులో అది మామూలు సైకిలే. మొదటి గేరులో వేగం నాలుగో వంతు తగ్గి, కాలి మీద బరువూ అంతే తగ్గుతుంది. కట్ట ఎక్కడానికి కావలసింది అదే. మూడో గేరులో వేగం మూడో వంతు పెరుగుతుంది. చైను ఒకే వరుసలో ఉంటుంది కనుక పాత చైను కవరు అలాగే ఉంచుకోవచ్చు. ఆగి ఉన్నప్పుడు కూడా గేరు మార్చవచ్చు.

లోపాలు లేవనలేము. మామూలు హబ్బుకన్నా బరువు, ఖరీదు ఎక్కువ. ఏడబ్ల్యు రకంలో కేబులు సరిగా బిగించకపోతే రెండు, మూడు గేర్ల మధ్య పెడలు ఉత్తినే తిరిగి, నిలబడి తొక్కేవాడు పడిపోయే ప్రమాదం ఉంది. కేబులు సరిచేయడం కష్టమేమీ కాదు, నేర్పేవారు ఉండాలి. విప్పి బిగించడానికి మాత్రం ఓపిక గల మెకానిక్ కావాలి.

లూధియానా సైకిలు కంపెనీలు బరువు సైకిళ్లకు ఈ హబ్బు అమర్చి అమ్మే విషయం ఆలోచించాలి. ముందుగా మండలానికి ఒక్క షాపులోనైనా హబ్బు, కేబులు, విడిభాగాలు దొరికితే పాలవాళ్లు ధర అడగడానికైనా వస్తారు.