గేటు దగ్గర ఆపితే చాలునా?

సినిమా పోస్టరు మూల 'ఎ' అనే అక్షరం మీరు చూచే వుంటారు. పద్దెనిమిదేళ్ళు నిండనివారికి ఆ సినిమా చూపరాదని 1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం. గేటు దగ్గర మనిషి మీ ముఖం చూచి వెనక్కి పంపుతాడు. (పంపాలి! ఒక్కోసారి పంపడు, అది వేరే సంగతి.)

ఇంటర్నెట్టులో గేటు మనిషి లేడు. పుట్టిన సంవత్సరం అడిగినప్పుడు 2014కు బదులు 2004 అని కొడితే, క్షణంలో పదేళ్ళు పెరిగిపోతారు.

అందుకే ఆస్ట్రేలియా 2024లో ఒక చట్టం చేసింది. 2025 డిసెంబరు 10 నుంచి అక్కడ పదహారేళ్ళలోపు పిల్లలకు ఇన్‌స్టాగ్రామ్, టిక్‌టాక్ వంటివాటిలో ఖాతాలు వుండకూడదు. వుంటే శిక్ష పిల్లలకు కాదు, తల్లిదండ్రులకూ కాదు, కంపెనీకే. జరిమానా 4 కోట్ల 95 లక్షల ఆస్ట్రేలియా డాలర్లదాకా వుండవచ్చు. ఈ సంగతి నాకు నచ్చింది.

కాని ఒక చిక్కుంది. పదహారు నిండనిదెవరో తేల్చాలంటే నిండినవారు కూడా ముఖమో, కార్డో చూపవలసి రావచ్చు. పని అయ్యాక ఆ వివరాలు చెరిపెయ్యాలని చట్టంలో వుంది, నిజమే. చెరిపారో లేదో మనకెలా తెలుస్తుంది?

అసలు హాని ఎక్కడ మొదలవుతుందో చూడండి. మీరు ఏ వీడియో దగ్గర ఎంతసేపు ఆగారో యంత్రం లెక్క కడుతుంది. ఒక ఘోర ప్రమాదం కనబడి, భయంతో కొయ్యబారిపోయారనుకోండి. మీది భయమో, ఇష్టమో దానికి తెలియదు. ఆగారన్నదే దానికి తెలుసు. కనుక మరో ప్రమాదం తెచ్చి ముందు పెడుతుంది. పదహారో పుట్టినరోజు నాడు గేటు తెరుచుకుంటే లోపల కాచుకుని వుండేది ఈ యంత్రమే.

అందుచేత గేటుకన్నా ముందు యంత్రానికి కళ్ళెం వెయ్యాలంటాను. మన దేశపు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఈ దారినే పట్టింది. పద్దెనిమిదేళ్ళలోపు పిల్లల చూపును, నడవడిని వెంటాడి లెక్కకట్టరాదని, వారిని గురిచూచి ప్రకటనలు వెయ్యరాదని అందులో వుంది. బడులకు, ఆసుపత్రులకు కొంత మినహాయింపు ఇచ్చారు. అది అవసరమే. వీడియోల కంపెనీలకు మాత్రం అలాంటిది దొరకకూడదు.

2025 నవంబరులో వెలువడిన నిబంధనలు ఈ కట్టడి పాటించడానికి 18 నెలల గడువిచ్చాయి. ఏడాదిన్నర! ఈలోగా ఎనిమిదో తరగతి పిల్ల పదో తరగతికి వచ్చేస్తుంది.