గని చేతులు మారితే మనకేమిటి?



రంగుల ఖాతాలో పనిచేసేవారికి సోడాయాష్ అంటే ఏమిటో చెప్పవలసిన పనిలేదు. నూలును ఉడకబెట్టి జిడ్డు తీయడానికి అదే. రియాక్టివ్ రంగు నూలుకు గట్టిగా పట్టడానికీ అదే. సంచీ విప్పగానే ముక్కులో మంట, పాళీ దిగేసరికి వేళ్ల సందుల్లో పగుళ్లు. కాని ఆ తెల్లపొడి ఎక్కడినుంచి వస్తున్నది, దాన్ని తీసే కార్మికుడి గతి ఏమిటి అని మనం అడిగింది లేదు. అడగవలసిన కారణం ఉన్నది.

సోడాయాష్ ముఖ్యంగా రెండు విధాలుగా వస్తుంది. ఒకటి, 1860లలో బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ సాల్వే రూపొందించిన పద్ధతి. ఉప్పునీరు, సున్నపురాయి, అమ్మోనియాలతో కర్మాగారంలో తయారు చేయడం. గుజరాత్‌లోని మిఠాపూర్‌లో టాటా కెమికల్స్ చేసేది ఇదే. ఇందులో ఇంధనం ఖర్చు ఎక్కువ, వ్యర్థం కూడా ఎక్కువ. రెండవది, ట్రోనా అనే ఖనిజాన్ని భూమిలోంచి తవ్వి, పొడిచేసి, కాల్చి, నీళ్లలో కరిగించి, వడగట్టి మళ్లీ పలుకు కట్టించడం. అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో, గ్రీన్ రివర్ ప్రాంతంలో, ప్రపంచంలోకెల్లా పెద్ద ట్రోనా నిక్షేపం ఉన్నది. అక్కడి కార్మికులు సుమారు 1,500 అడుగుల లోతుకు దిగి పనిచేస్తారు. ఈ గనుల సోడా ఎంత చవక అంటే, దాని పోటీకి నిలువలేక అమెరికాలోని చివరి సాల్వే కర్మాగారం, న్యూయార్క్ రాష్ట్రంలో సిరక్యూస్ దగ్గరిది, 1986లో మూతపడింది.

2008 జనవరిలో టాటా కెమికల్స్ ఈ గ్రీన్ రివర్‌లో గని నడుపుతున్న జనరల్ కెమికల్ ఇండస్ట్రియల్ ప్రొడక్ట్స్ అనే కంపెనీని 100.5 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. మార్చిలో కొనుగోలు పూర్తయింది. అప్పటి లెక్కలో అది సుమారు నాలుగు వేల కోట్ల రూపాయలు. అందులో ఎక్కువ భాగం అప్పు. అమ్మింది గని గురించి తెలిసిన సంస్థ కాదు, హార్బింజర్ అనే పెట్టుబడి ఫండు. గని వ్యాపారంలో 75 శాతం వాటా దీనితో వచ్చింది. గాజు సీసాల కంపెనీ ఓవెన్స్-ఇల్లినాయి దగ్గర మిగిలిన 25 శాతాన్ని 2019లో కొన్నారు. దీనికి ముందే, 2005-06లో, ఇంగ్లాండులోని బ్రన్నర్ మాండ్ కంపెనీని, దానితోపాటు కెన్యాలోని మగాడీ సోడా వ్యాపారాన్ని టాటా కెమికల్స్ తీసుకున్నది. 2007లో నిర్మా కంపెనీ కాలిఫోర్నియాలోని సియర్ల్స్ వ్యాలీ మినరల్స్‌ను కొన్నది.

పత్రికలు అప్పుడు గర్వంగా రాశాయి. మన దేశపు కంపెనీ తెల్లవాడి గనిని కొన్నదంటే సంతోషించడంలో తప్పులేదు. ప్రపంచంలో రెండవ పెద్ద సోడాయాష్ ఉత్పత్తిదారు అయ్యామన్నారు. కాని కార్మికుడు వేయవలసిన ప్రశ్న వేరు. చేతులు మారిన తరువాత పనిచేసే చేతులకు ఏమైంది?

చూడండి. బ్రన్నర్ మాండ్‌కు హాలండులోని డెల్ఫ్‌జైల్‌లో ఒక కర్మాగారం ఉండేది. 2009లో అది మూతపడింది. ఇంగ్లాండులోని విన్నింగ్టన్‌లో సోడాయాష్ తయారీ 2014లో ఆగింది, 220 మంది వరకు ఉద్యోగాలు పోయాయి. గ్యాసు ఖర్చు భరించలేమన్నారు. అదే కాలంలో మగాడీలో కూడా శుద్ధ సోడా ప్లాంటు ఆపి పనివాళ్లను తగ్గించారు. ఇంగ్లాండులో మిగిలిన లాస్టాక్ కర్మాగారంలో 2025 జనవరితో సోడాయాష్ ఉత్పత్తి ముగిసింది. 1873లో బ్రన్నర్, మాండ్ అనే ఇద్దరు మొదలుపెట్టిన పరిశ్రమ అది. నూట యాభై ఏళ్లు నడిచింది.

వయోమింగ్ గని కొన్నందువల్లనే ఇవన్నీ మూతపడ్డాయని నేను అనడం లేదు. గ్యాసు ధర నిజం, చవక సోడా పోటీ నిజం. కాని ఒకే యజమాని చేతిలో నాలుగు దేశాల కర్మాగారాలు ఉన్నప్పుడు, ఒక చోట ఉత్పత్తి ఆపినా ఇంకొక చోటినుంచి సరుకు పంపి గిరాకీని నిలుపుకోగలడు. విన్నింగ్టన్ కార్మికుడికి ఆ సౌకర్యం లేదు. అతని దగ్గర ఉన్నది ఒకటే కర్మాగారం, ఒకటే ఊరు. యజమానికి నష్టం లెక్కల పుస్తకంలో ఒక పేజీ, కార్మికుడికి మొత్తం పుస్తకం.

రెండవ విషయం చట్టానికి సంబంధించింది, దీన్ని జాగ్రత్తగా చదవండి. మన దేశంలో 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలో 25 ఎఫ్ఎఫ్ అనే సెక్షన్ ఉండేది. పరిశ్రమ ఒక యజమాని నుంచి ఇంకొకరికి బదిలీ అయితే, ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి నోటీసు, నష్టపరిహారం ఇవ్వాలి. సర్వీసు తెగకుండా, పాత షరతులకు తక్కువ కాకుండా కొత్త యజమాని కొనసాగిస్తే, రేపు తీసివేసినప్పుడు పాత సర్వీసు కూడా లెక్కించే బాధ్యత అతను తీసుకుంటే, అప్పుడే ఆ పరిహారం అవసరం లేదు. 2025 నవంబర్ 21 నుంచి అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో కూడా ఇదే భావం గల సెక్షన్ ఉన్నది. వినడానికి బాగుంది. కాని పెద్ద కంపెనీలు ఎక్కువగా గనిని కొనవు, మిల్లును కొనవు. గని గల కంపెనీ వాటాలు కొంటాయి. వాటాలు మారితే, చట్టం దృష్టిలో యజమాని ఆ కంపెనీయే, మారనట్లే లెక్క. పైన కూర్చున్నవాడు మారినా, పరిహారం మాట ఎత్తడానికి సెక్షన్ వర్తించదు. అదే కోడ్‌లో, మూసివేతకు ప్రభుత్వ అనుమతి కావలసిన కార్మికుల సంఖ్యను 100 నుంచి 300కు పెంచారు.

నేను సాంచాలు నడిపిన ఒక మిల్లు అమ్ముడైనప్పుడు, కొత్త సేటు మనుషులు మా చేత కొత్త నియామక పత్రాల మీద సంతకాలు అడిగారు. సంతకం పెడితే పదకొండేళ్ల సర్వీసు గ్రాట్యుటీ లెక్కలోంచి పోతుంది. పెట్టవద్దని మా సంఘం అన్నది. పెట్టనివారికి సర్వీసు నిలిచింది. బదిలీ కార్మికులకు మాత్రం ఏమీ మిగలలేదు, వాళ్ల పేర్లు ఏ రిజిస్టరులోనూ లేవు. చట్టం ఉన్నంత మాత్రాన చాలదు. కాగితం కూడా మన చేతిలో ఉండాలి.

మూడవ విషయం ధర. 2012లో ప్రభుత్వం చైనా, అమెరికా, కెన్యా మొదలైన దేశాల నుంచి వచ్చే సోడాయాష్‌పై యాంటీ డంపింగ్ సుంకం వేసింది. 2024 డిసెంబర్ చివర టన్నుకు 20,108 రూపాయలు కనీస దిగుమతి ధరగా నిర్ణయించింది. రెండూ దేశీయ ఉత్పత్తిదారుల రక్షణ కోసమే. మిఠాపూర్ కార్మికుల పని నిలవడానికి అది ఉపయోగపడితే మనం వ్యతిరేకించం. వాళ్లూ మనవాళ్లే. కాని ఆ రక్షణ ఖర్చులో కొంత మన రంగుల కారఖానాలు కట్టాయి. అది చూపించి సేట్లు మన పగారు పెంచమంటున్నారు కారు. కంపెనీకి రక్షణ ఇచ్చినప్పుడు, ఇంతమంది కార్మికులను ఇన్నేళ్లు తీయకూడదు అన్న షరతు ఎందుకు పెట్టరు? దేశం బయట గనులు కొనేటప్పుడు స్వేచ్ఛా వ్యాపారం, లోపల అమ్మేటప్పుడు సుంకం గోడ. కార్మికుడు గోడ అడిగితే మాత్రం మార్కెట్ ఒప్పుకోదంటారు.

గ్రీన్ రివర్ గని కార్మికులకు యునైటెడ్ స్టీల్‌వర్కర్స్ అనే యూనియన్ ఉన్నది. యజమాని మారినా యూనియన్ మారలేదు, ఒప్పందం చేతిలో ఉన్నది. మనం నేర్చుకోవలసింది ఇక్కడే.

కనుక సభ్యులందరికీ నా మనవి. ఈసారి పగారు ఒప్పందం రాసేటప్పుడు కూలి రేటుతోపాటు మరొక అంశం రాయించాలి. కారఖానాను గాని, దాని వాటాలను గాని అమ్మితే సంఘానికి ముందుగా నోటీసు ఇవ్వాలి, సర్వీసు, గ్రాట్యుటీ, పి.ఎఫ్. యథాతథంగా కొత్త యజమాని మోయాలి. చట్టం వదిలేసిన సందును ఒప్పందంతో మూయవచ్చు. బదిలీవాళ్ల పేర్లు కూడా రిజిస్టరులో ఎక్కించాలి. ఇంటికి వెళ్లగానే మీ నియామక పత్రం, పగారు చీటీలు, పి.ఎఫ్. నంబరు ఒక చోట పెట్టుకోండి. లేనివారు వచ్చే ఆదివారం సంఘం ఆఫీసుకు రండి, దరఖాస్తు రాసి ఇస్తాము.

మీ
కార్యదర్శి