ఉప్పెన పాతదే, సముద్ర మట్టం కొత్తది

మచిలీపట్నం: తుఫాను వచ్చినా, ఎండ ముదిరినా, పొలాల్లోకి ఉప్పునీరు ఎక్కినా ఇప్పుడు వినవస్తున్న కారణం ఒక్కటే: వాతావరణ మార్పు. ఇందులో నిజం ఉంది. కాని నష్టాలన్నిటినీ ఒకే మూట కడితే, ఎవరు చేయవలసిన పని ఏదో తేలకుండా పోతుంది.

ఈరోజు వాన పడిందా, ఎండ కాసిందా అన్నది వాతావరణం. సాధారణంగా 30 ఏళ్ల వానలు, ఎండల సగటు శీతోష్ణస్థితి. ఒక ఏడు వాన ఎగ్గొట్టినంత మాత్రాన శీతోష్ణస్థితి మారినట్టు కాదు. ఏళ్ల తరబడి ఆ సగటే జరిగిపోతే మారినట్టు.

భూతాపం అంటే భూగోళం మొత్తం మీద సగటు వేడి పెరగడం. బొగ్గు, పెట్రోలు, డీజిలు కాల్చినప్పుడు బొగ్గుపులుసు వాయువు గాలిలో చేరుతుంది. అది దుప్పటి కప్పినట్టు భూమి వేడిని బయటికి పోనివ్వదు. ఫ్యాక్టరీల యుగానికి ముందు పది లక్షల పాళ్ల గాలిలో ఈ వాయువు సుమారు 280 పాళ్లు ఉండేది. నేడు 420 దాటింది. అప్పటి వేడి కంటే పెరుగుదలను 2 డిగ్రీలకు బాగా లోపల, వీలైతే 1.5 డిగ్రీల వద్ద ఆపాలని 2015లో పారిస్‌లో దేశాలు ఒప్పుకున్నాయి. 2024 సంవత్సరపు సగటు 1.5 డిగ్రీలను దాటింది. ఒక్క ఏడాది లెక్కతో ఒప్పందం తప్పినట్టు కాదు గాని, గీత దగ్గరపడిందన్నది నిజం.

దివిసీమకు ఈ లెక్కతో పని ఉంది. 1864లో బందరును, 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. కాబట్టి ఉప్పెనలు కొత్తవి కావు. కాని 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సముద్ర మట్టం సగటున 20 సెంటీమీటర్లు పెరిగింది. అంతే బలమైన ఉప్పెన ఇప్పుడు వస్తే, పెరిగిన మట్టం మీద నుంచి లేస్తుంది. మరింత లోపలికి వస్తుంది. గాలి ఒక డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ నీటి ఆవిరిని మోయగలదు. కుండపోత వానలు పెరగడానికి ఇదే కారణం.

అయితే ఉప్పునీటికి సముద్రం ఒక్కటే కారణం కాదు. కృష్ణ తెచ్చే ఒండ్రు ఎగువ జలాశయాల్లో ఆగిపోతోంది. కొత్త మట్టి చేరని డెల్టా కుంగుతుంది. తీరంలో మంచినీటిని అతిగా తోడితే ఆ ఖాళీలోకి ఉప్పునీరు జరుగుతుంది. పూడిన మురుగు కాలువ నేరాన్ని భూతాపం మీద వేయలేం.

మరో మాట మీథేన్. నీరు నిలిచిన వరిమడి నుంచి ఈ వాయువు వెలువడుతుంది. నూరేళ్ల లెక్కలో బొగ్గుపులుసు వాయువు కంటే ఇది దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. మడిని మధ్య మధ్య ఆరబెట్టి తిరిగి తడిపితే మీథేన్ తగ్గుతుంది, నీరూ ఆదా అవుతుంది. కాని వంతు నీరు చెప్పిన రోజుకు వస్తుందన్న నమ్మకం లేనిదే శివారు రైతు మడి ఆరబెట్టడు. కాలువ నీరు సక్రమంగా ఇవ్వకుండా రైతుకు పాఠం చెప్పి లాభం లేదు.

వాయువులను తగ్గించడం ఒక పని. వచ్చిపడే దానిని తట్టుకోవడం రెండో పని. కరకట్టలు, తుఫాను షెల్టర్లు, కృష్ణ ముఖద్వారంలోని మడ అడవులు ఈ రెండో పనిలోకి వస్తాయి. తట్టుకోలేక నష్టపోయిన బీద దేశాలకు సాయంగా నిధి పెట్టాలని 2022లో ఈజిప్టులో దేశాలు అంగీకరించాయి.

2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటినప్పుడు కోతకు వచ్చిన వరి నీట మునిగింది. అలాంటి నష్టం మళ్లీ జరిగితే, వాన వల్ల పోయినదెంత, నీరు బయటికి పోయే దారి లేక పోయినదెంత అని రైతులు విడదీసి అడగాలి. మొదటి ప్రశ్నకు ప్రపంచం జవాబుదారీ. రెండో ప్రశ్నకు జవాబు జిల్లాలోనే దొరకాలి.