నోటిలోనా, మౌత్‌లోనా?

పసిపిల్లల ముద్దుపలుకులను వెంటనే దిద్దేవారంటే నాకు కోపం. ఆ ముద్దుపలుకులు పుట్టకుండానే చేసేవారంటే అంతకు రెట్టింపు కోపం. మొదటి తెగవారు మా పండిత వర్గంలో దండిగా ఉన్నారు. రెండవ తెగవారు నేటి తల్లిదండ్రులు. ఈ టపా ముఖ్యంగా వారిని ఉద్దేశించినదే.

మా అబ్బాయి కూతురికి మూడేళ్ళు. సెలవులకు నేలకొండపల్లి వచ్చిందంటే ఇల్లంతా దాని మాటలే. "తాతా, నేను పడాను" అంటుంది. ఏడుస్తూ అంటుంది కనుక ముందు మోకాలు చూడాలి, వ్యాకరణం తరువాత. అయినా ముప్పై అయిదేళ్ళు తెలుగు చెప్పిన చెవి ఊరుకోదు కదా! ఆడు ఆడాను అయింది, పాడు పాడాను అయింది. పడు మాత్రం పడాను ఎందుకు కాకూడదు? "ఇల్లుకి పోదాం", "నోరులో పెట్టుకోను", "చెయ్యికి మట్టి అయింది" అని కూడా అంటుంది. మొన్న పెరటి గోడ దగ్గర మేకను చూసి "మేకగారు వచ్చారు" అన్నది. పెద్దవారిని గారు అనాలని వాళ్ళమ్మ నేర్పింది. గడ్డమున్నవారందరూ పెద్దవారేనని ఇది సొంతంగా తీర్మానించుకున్నది.

మిత్రులు గమనించవలసినది ఒకటున్నది. పడాను, ఇల్లుకి, నోరులో అన్న రూపాలు మా ఇంట పెద్దలెవ్వరి నోటా రావు. విననిది పిల్ల ఎలా అన్నది? సూత్రం కట్టుకొని అన్నది. 1958లో జీన్ బెర్కో అనే అమెరికా పరిశోధకురాలు లేని జంతువు బొమ్మ గీసి, దానికి 'వగ్' అని లేని పేరు పెట్టి, అవి రెండుంటే ఏమంటారని చిన్నపిల్లలను అడిగింది. అంతకు ముందెన్నడూ వినని మాటకు పిల్లలు 'వగ్స్' అని బహువచనం చేసి చెప్పారు. వల్లె వేయడం కాదు, నియమం పట్టుకోవడమే భాష రావడమని తేలింది. మా మనుమరాలు చేస్తున్నదీ అదే పని. దానిని తప్పు అని కసరడం మొలకను పట్టి పైకి లాగడం వంటిది.

ఇక అసలు తగవు. చిన్నయసూరి ఇ, టి, తి వర్ణాలను ఔపవిభక్తికాలన్నాడు. ఇల్లు ఇంటికి అవుతుంది, నోరు నోటిలో అవుతుంది, చేయి చేతితో అవుతుంది. (పుస్తకం పేరు బాలవ్యాకరణం; దానిని ముందు పెట్టుకొని తల పట్టుకున్నవారు మాత్రం మీసాలు వచ్చినవారే.) తెలుగు నామవాచకంలో కీలకమంతా ఈ మలుపులోనే ఉన్నది. ముక్కుకి, చెట్టుకి అన్న తీరులో నోరుకి అన్న పిల్ల, ఏడాది రెండేళ్ళు తిరిగేసరికి ఎవరూ చెప్పకుండానే నోటికి అంటుంది. 'నోరులో' అనే మాట 'నోటిలో' అనే మాటకు వెళ్ళే దారిలో ఒక మజిలీ.

మరి మన నవీన మాతాపితలు చేస్తున్నదేమి? "మౌత్‌లో ఫింగర్ పెట్టకు", "హ్యాండ్స్ వాష్ చేసుకో", "మంకీ చూడు, బనానా తింటోంది". ఇందులో తెలుగుకు మిగిలినవి లో, కి, చేసుకో, తింటోంది. మౌత్ ఎప్పటికీ మౌత్‌లోనే, హౌస్ ఎప్పటికీ హౌస్‌కే. అక్కడ మలుపు లేదు, తప్పటడుగు లేదు, దిద్దుకోవలసిన అవసరమూ లేదు. తప్పు చేసే అవకాశమే లేని చోట పసిబుద్ధికి పనేమున్నది? పోనీ ఇంగ్లీషైనా వస్తున్నదా అంటే అదీ లేదు. మాటలు అరువు, వాక్యం తెలుగు; ఆ భాష నడక ఆ బిడ్డ చెవిని పడనే లేదు.

"బతుకుతెరువు మాటేమిటి మాస్టారూ?" అంటారు. ఇంగ్లీషు నేర్పండి, వద్దన్నవాడెవడు? వాక్యం వాక్యంగా, కథ కథగా నేర్పండి. "భాషలు అరువు తెచ్చుకోవా?" అని మరొక ప్రశ్న. తెచ్చుకుంటాయి. బస్సు, రైలు వచ్చి మనవై బస్సులు, రైళ్ళు అయ్యాయి. రైలు 'రైళ్ళు' అయినదంటే మన వ్యాకరణం దానిని సైతం మలుపు తిప్పిందన్నమాట! మా ఊరి కంచర్ల గోపన్న పారసీ రాజభాషగా ఉన్న గోలకొండ రాజ్యంలో పాల్వంచ తహశీల్దారు. కొలువులో పరభాష లేనిదే గడవదు. అయినా భద్రాద్రి రాముణ్ణి నిలదీయవలసి వచ్చినప్పుడు ఇంటి తెలుగులోనే నిలదీశాడు. లేని వస్తువుకు పేరు తెచ్చుకోవడం అరువు. ఉన్న నోటికి మౌత్ తెచ్చుకోవడాన్ని ఏమనాలో నా నిఘంటువులో లేదు.

ఈ అన్యాయం మనమూ ఒకరికి చేశాం. భద్రాచలం దాటి దుమ్ముగూడెం, చర్ల అడవిపల్లెలలో కోయ బిడ్డ ఇంటిలో కోయ మాట్లాడి, బడికి రాగానే తెలుగు వాచకం ముందు కూర్చుంటాడు. కోయ వాక్యపు తీరులో తెలుగు మాట కూర్చితే నవ్వేవారు తెలుగువారే. మన బిడ్డ విషయంలో న్యాయం అడిగేవాడు ఆ బిడ్డకూ అదే అడగాలి.

ప్రభుత్వం కాపాడుతుందని కూర్చుంటే లాభం లేదు. 2018లో తెలంగాణలో తెలుగు తప్పనిసరి బోధన చట్టం వచ్చింది, మంచిదే. కానీ అది ఒకటో తరగతి నుండి మొదలు. ఇల్లుకి ఇంటికి అయ్యేది అంతకు ముందే, అన్నం గిన్నె దగ్గర, అమ్మ చంకలో. అక్కడికి ఏ చట్టమూ రాదు.

మీ ఇళ్ళలో మూడు నాలుగేళ్ళ పిల్లలుంటే వారు కల్పించిన రూపాలను దిద్దకుండా వ్రాసిపెట్టి నాకు తెలియజేయండి. నా నోటుపుస్తకంలో ఇప్పటికి పదిహేడు చేరాయి. గోరుతో, ఏరులో దొరికాయి. 'ముల్లుకి' ఇంకా ఎవరి నోటా వినలేదు.