గాలిని గుద్దితే ఆత్మరక్షణ రాదు

మార్చి 8, మహిళా దినోత్సవం దగ్గర పడిందంటే మన శంకర్‌పల్లి, చేవెళ్ల, మొయినాబాద్ వైపు బడుల్లో, కాలేజీల్లో ఆత్మరక్షణ శిబిరాల మాట వినబడుతుంది. వందలమంది ఆడపిల్లలను గ్రౌండులో వరుసగా నిలబెడతారు. మాస్టారు లెక్కపెడుతుంటే అందరూ ఒక్కసారే గాలిలోకి పిడికిళ్లు విసురుతారు, మోకాలెత్తి తన్నుతారు. చివర్లో ఒకరిద్దరు పెంకులు పగలగొట్టి చూపిస్తారు. అతిథులు మాట్లాడతారు, సర్టిఫికెట్లు పంచుతారు. మొత్తం రెండు గంటలు. ఇక పిల్లలకు భయం లేదని బడివాళ్లు, మంచి పని జరిగిందని తల్లిదండ్రులు అనుకుంటారు. ఆ నమ్మకాన్నే నేను ఖండిస్తున్నాను. ఈ శిబిరాలు పిల్లలకు రక్షణ ఉందన్న భ్రమను మాత్రమే ఇస్తున్నాయి. ఏమీ నేర్పకపోవడం కంటే అది చెడ్డది.

ఎందుకో చెప్తాను. శిబిరంలో తప్పకుండా నేర్పేది మణికట్టు విడిపించుకోవడం. పట్టుకునేది పక్క వరుసలోని స్నేహితురాలు. ఆమె మెత్తగా పట్టుకుంటుంది, చెయ్యి తిప్పగానే వదిలేస్తుంది, ఇద్దరూ నవ్వుకుంటారు. సూత్రం సరైనదే. ఎంత గట్టి పట్టులోనైనా బలహీనమైన చోటు బొటనవేలి వైపే. కానీ నిజంగా లాక్కెళ్లాలనుకున్నవాడు పట్టుకుని ఊరుకోడు. ఈడుస్తాడు, రెండో చేత్తో జడ అందుకుంటాడు, గోడకేసి నొక్కుతాడు. ఆ ఈడ్పులో కాళ్లు ఎక్కడ పెట్టాలో, ఒళ్లు ఎటు తిప్పాలో ఆ పిల్లకు ఎవరూ చూపించలేదు. ఒకసారి చూపించినా చాలదు. ఎదుటి మనిషి బలం పెడుతుండగా మళ్లీ మళ్లీ చేస్తేనే ఒంటికి పట్టే పని అది.

ఈ సంగతి మన ఊళ్లకు కొత్త కాదు. కబడ్డీ ఆడే పిల్లను అడగండి. కూతకు వెళ్లినప్పుడు ఒకరు చీలమండ పట్టుకుంటారు, ఒకరు తొడ పట్టుకుంటారు, ఇంకొకరు నడుము మీద పడతారు. ఊపిరి అందని ఆ క్షణంలో ఆమె గీత వైపు ఒళ్లు విసరాలి. మీద బరువు పడితే ఏమవుతుందో, కంగారు పడితే దమ్ము ఎంత త్వరగా అయిపోతుందో ఆమెకు తెలుసు. గాలిని గుద్ది సర్టిఫికెట్ తెచ్చుకున్న వందలమంది కంటే బడి కబడ్డీ జట్టులోని ఏడుగురికి ఆత్మరక్షణ ఎక్కువ వచ్చని నేను గట్టిగా చెప్పగలను. హైదరాబాద్ తాలింఖానాల్లో పహిల్వాన్లు తరతరాలుగా చేసిందీ ఇదే. రోజూ గోదాలో దిగి, లొంగని మనిషితో తలపడ్డారు. ఆ గోదాలోకి ఆడపిల్లలను రానివ్వకపోవడం మన తప్పు.

లొంగని మనిషితోనే సాధన చేయించే బ్రెజిలియన్ జుజిట్సు కూడా ఈ కుస్తీ కుటుంబానిదే. జపాన్ జూడో యోధుడు మిత్సుయో మాయెదా 1914లో బ్రెజిల్ చేరాడు. ఆయన దగ్గర నేర్చిన కార్లోస్ గ్రేసీ, అతని తమ్ముళ్లు నేల మీది పెనుగులాటకు పదును పెట్టారు. తమ్ముడు ఎలియో బక్కపలచని మనిషి. కండబలంతో నడిచే పట్లు అతనికి పనికిరాలేదు, అందుకే మీట సూత్రంతో, ఒంటి కోణంతో నడిచేవాటిని సానబెట్టాడు. 1993 నవంబరులో అమెరికాలోని డెన్వర్‌లో మొదటి యూఎఫ్‌సీ మిశ్రమ యుద్ధకళల పోటీలు జరిగితే ఎలియో కొడుకు రాయిస్ దాదాపు 80 కిలోల ఒంటితో తనకంటే బరువైన ముగ్గురిని వరసగా లొంగదీశాడు. ఇందులో మంత్రం లేదు. ఎదిరించే మనిషి మీద ఏళ్ల తరబడి చేసిన సాధన ఉంది.

ఒక్క పాఠం దగ్గరగా చూద్దాం. దాడి చేసినవాడు కింద పడేసి, పొట్ట మీద కూర్చుని, గొంతు పట్టుకున్నాడు. శిబిరంలో దీనికి జవాబు దొరకదు, అక్కడ ఎవరినీ నేల మీద పడుకోబెట్టరు కాబట్టి. జుజిట్సులో ఇది తొలి పాఠాల్లోనే వస్తుంది. గొంతు మీది చేతిని తోసెయ్యాలనిపిస్తుంది, తోయకూడదు. ఒక చేత్తో వాడి మణికట్టును, రెండో చేత్తో మోచేతి పైభాగాన్ని పట్టి, ఆ చేతిని మన ఛాతీకి అదిమి ఉంచాలి. అదే వైపు వాడి పాదానికి బయటి నుంచి మన పాదం అడ్డం పెట్టాలి. ఇప్పుడు ఆ పక్క వాడికి ఆనడానికి చెయ్యీ లేదు, కాలూ లేదు. మడమలు దగ్గరకు లాక్కుని, నడుము ఒక్క ఊపున పైకి లేపి, ఆ భుజం మీదుగా దొర్లాలి. యాభై కిలోల పిల్ల తనకంటే ఎంతో బరువైన వాణ్ని ఇలా దొర్లించగలదు, ఎందుకంటే ఇక్కడ పనిచేసేది తుంటి, తొడలు. ఇది చదివితే వచ్చేస్తుందని మాత్రం అనుకోవద్దు. కొత్తవాళ్లు దాదాపు అందరూ కాలు అడ్డం పెట్టడం మరిచిపోతారు, పైవాడు కాలు చాపి ఆపేస్తాడు. ఆ తప్పు మ్యాట్ మీద జరగాలి, దిద్దుకోవాలి. దొర్లించాక చేయవలసింది లేచి పరుగెత్తడమే. గట్టి రోడ్డు మీద, కత్తి ఉన్నవాడి ముందు, గుంపు మధ్య నేల మీదే పెనుగులాడుతూ ఉండమని బుద్ధి ఉన్న ఏ గురువూ చెప్పడు.

ఈ విద్యలో ఇంకో నియమం ఉంది. పట్టు బిగిసినప్పుడు ఎదుటివాళ్ల ఒంటి మీద తడితే వాళ్లు ఆ క్షణమే వదలాలి. వదలనివాళ్లతో ఎవరూ సాధన చేయరు. మగపిల్లలకూ ఇది నేర్పాలని నేను కోరేది అందుకే. ఎదుటి మనిషి వద్దనగానే ఆగిపోవడం వాళ్లకు చిన్ననాడే అలవాటు కావాలి.

శిబిరాల రెండో తప్పు మరీ పెద్దది. అక్కడ దాడి చేసేవాడు ఎప్పుడూ చీకట్లోంచి దూకే అపరిచితుడే. జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు ఏటా చెప్తున్నది వేరు. అత్యాచారం కేసుల్లో పదింట తొమ్మిదికి పైగా నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే. చుట్టం, ఇరుగుపొరుగు, స్నేహితుడు, పనిచ్చినవాడు. కళ్లలో పొడవమని నేర్పితే బాబాయి వరసైనవాడి కళ్లలో ఏ పిల్ల పొడుస్తుంది? ముందు కొయ్యబారిపోతుంది. ఇంట్లో ఏమంటారో, కేసు తన మీదకే వస్తుందేమో అనుకుంటుంది. అత్యాచారం చేయాలని మీద పడ్డవాణ్ని ఎదిరించే క్రమంలో వాడి ప్రాణం పోయినా ఆత్మరక్షణ హక్కు వర్తిస్తుందని భారతీయ న్యాయ సంహిత 38వ సెక్షన్ చెప్తోంది. ఎన్ని శిబిరాల్లో ఈ మాట చెప్తున్నారు?

కెనడాలో మూడు విశ్వవిద్యాలయాల విద్యార్థినుల మీద చార్లీన్ సెన్ బృందం జరిపిన అధ్యయనం 2015లో వెలువడింది. 12 గంటల శిక్షణ పొందినవారిలో ఏడాదిలోపు అత్యాచారానికి గురైనవారు 5.2 శాతం. కరపత్రాలు మాత్రమే అందుకున్నవారిలో 9.8 శాతం. ఆ 12 గంటలూ తన్నులు, గుద్దులు కావు. తెలిసినవాడి ప్రవర్తనలో ప్రమాదాన్ని ముందే పసిగట్టడం, మొహమాటం వదిలి గట్టిగా కాదనడం, ఆ తర్వాతే ఒంటితో ఎదిరించడం. మన శిబిరాల్లో ఆ మొదటి రెండూ వినబడవు.

ఆడపిల్ల నేల మీద దొర్లడం ఏమిటని పెద్దలు అభ్యంతరం చెప్తారు. ఆడపిల్లలు ఆడపిల్లలతోనే మొదలుపెట్టవచ్చు, ఆడ శిక్షకురాలినే పెట్టవచ్చు. నిజామాబాద్ నిఖత్ జరీన్ తోటి ఆడపిల్లలు లేక మగపిల్లల మధ్యనే బాక్సింగ్ నేర్చి 2022లో, 2023లో ప్రపంచ చాంపియన్ అయింది. నలుగురూ ఏమంటారోనని ఆమె తండ్రి ఆగి ఉంటే ఏమయ్యేది?

ఇక 2019 నవంబరు 27. శంషాబాద్ దగ్గర ఆ రాత్రి సామూహిక అత్యాచారానికి, హత్యకు బలైపోయిన పశువైద్యురాలు పనిచేసింది మన పక్క నవాబ్‌పేట మండలం కొల్లూరులోనే. ఆ తర్వాతే ఆత్మరక్షణ శిబిరాల మాట ఊరూరా మారుమోగింది. నలుగురు కమ్ముకున్నప్పుడు ఏదో ఒక విద్య ఆమెను కాపాడి ఉండేదని నేను అనను, అనేవాళ్లను నమ్మవద్దు. ఆమెను వెతుక్కుంటూ వెళ్లిన కుటుంబం నుంచి ఫిర్యాదు తీసుకోవడంలో ఆలస్యం చేశారని ముగ్గురు పోలీసులను సస్పెండ్ చేశారు. పోలీసు చేయవలసిన పనిని పిల్లల పిడికిళ్ల మీదకు నెట్టే హక్కు ప్రభుత్వానికి లేదు.

చేయగలిగింది మాత్రం చేతిలోనే ఉంది. సమగ్ర శిక్షా కింద రాణి లక్ష్మీబాయి ఆత్మరక్ష పథకంలో బడికి నెలకు 5,000 రూపాయల చొప్పున మూడు నెలలు ఇచ్చే ఏర్పాటు ఉంది. మూడు నెలలు కాగానే శిక్షకులు వెళ్లిపోతారు, నేర్చింది మరుపున పడుతుంది. దాన్ని ఏడాది పొడవునా సాగే వారపు పీరియడ్‌గా మార్చండి. కబడ్డీ మ్యాట్ ఉన్న బడిలో దాని మీదే మొదలుపెట్టండి. పీఈటీలకు జూడో, జుజిట్సు శిక్షణ ఇప్పించండి. 2023 డిసెంబరులో ఆడవాళ్లకు ఉచిత బస్సు వచ్చాక శంకర్‌పల్లి, చేవెళ్ల పిల్లలు చదువుకూ పనికీ ఇంకా ధైర్యంగా దూరం వెళ్తున్నారు. వాళ్లకూ ఈ విద్య అందాలి, నగరంలో వేలకు వేలు ఫీజు కట్టగలిగినవాళ్లకే పరిమితం కాకూడదు.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. ఈసారి మీ బడిలో శిబిరం పెడితే నిర్వాహకులను రెండు ప్రశ్నలు అడగండి: మా పిల్లను పూర్తి బలంతో పట్టుకునేది ఎవరు, వచ్చే వారం మళ్లీ ఎప్పుడు వస్తారు? జవాబు లేకపోతే ఆ రెండు గంటలు పిల్లను కబడ్డీ ఆడనివ్వండి.