ఒకే కప్పు కింద చదువు

లిబరల్ ఆర్ట్స్ అన్న మాటకు తెలుగులో ఇప్పటికీ సరైన పదం కుదరలేదు. ‘ఉదార కళలు’ అంటే నవ్వొస్తుంది. ‘మానవీయ శాస్త్రాలు’ అంటే గణితమూ భౌతికశాస్త్రమూ గుమ్మం బయట నిలబడిపోతాయి. మిత్రులెవరికైనా మంచి మాట తడితే చెప్పగలరు. నా మటుకు నాకు, పదం లేకపోవడానికి కారణం పదార్థం లేకపోవడమేననిపిస్తుంది.

పదార్థమంటే ఏమిటో ముందు చెప్పుకుందాం. వేలమంది చదివే ఒక పెద్ద పరిశోధక విశ్వవిద్యాలయం ఉంటుంది. దాని కడుపులో ఒక చిన్న కళాశాల. అందులో చేరిన పద్ధెనిమిదేళ్ళ పిల్లలు అక్కడే ఉంటారు, అక్కడే తింటారు, అక్కడే చదువుతారు. చరిత్ర చదివేవాడికి గణాంకశాస్త్రమూ, జీవశాస్త్రం చదివే అమ్మాయికి కవిత్వమూ పరాయివి కావు. అమెరికాలో వ్యవసాయ కళాశాలగా పుట్టిన మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 1967లో జేమ్స్ మాడిసన్ కళాశాల ఇలాగే మొదలయింది. తరగతి గదులూ అధ్యాపకుల గదులూ విద్యార్థుల వసతి భవనంలోనే. అదే ఏడాది పొరుగున ఉన్న మిషిగన్ విశ్వవిద్యాలయం కూడా ఇటువంటి కళాశాలనే తెరిచింది. రెండూ ప్రభుత్వ విశ్వవిద్యాలయాలే. ఈ సంగతి నాకు ముఖ్యం. ఎందుకంటే మన దగ్గర ఈ రకం చదువు ప్రైవేటు వాకిట్లో మాత్రమే దొరికే సరుకవుతున్నది. శ్రీసిటీలో 2018లో వచ్చిన క్రియా విశ్వవిద్యాలయంలో ఫీజు ఏడాదికి లక్షల్లో ఉంటుంది. పసుపు కొమ్ములు ఉడకబెట్టి ఎండబోసే ఇంట్లోంచి అక్కడికి వెళ్ళగలిగేవాళ్ళెందరు?

మన గడ్డ మీద దీనికి దగ్గరగా వచ్చిన ప్రభుత్వ ప్రయత్నం హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయానిది. ఆరు సూత్రాల పథకం ఫలితంగా 1974లో పుట్టిన ఆ సంస్థ మొదట సరోజినీ నాయుడి ఇల్లు ‘గోల్డెన్ త్రెషోల్డ్’లో నడిచి, తరువాత గచ్చిబౌలికి చేరింది. మూడు దశాబ్దాల పాటు అక్కడ ఎం.ఏ.లూ పరిశోధనలే తప్ప ఇంటర్ దాటిన పిల్లలకు చోటు లేదు. 2006లో అయిదేళ్ళ సమీకృత కోర్సులు పెట్టారు. ఇంటర్‌లో ఏ గ్రూపు చదివినా తెలుగు ఎం.ఏ.కో చరిత్ర ఎం.ఏ.కో నేరుగా చేరే వీలు వచ్చింది. పరిశోధన చేస్తున్న ఆచార్యుడు పద్ధెనిమిదేళ్ళ పిల్లవాడికి పాఠం చెప్పవలసి రావడం ఆ పిల్లవాడికి ఎంత మేలో ఆచార్యుడికీ అంత మేలని నా నమ్మకం.

ఇక మా వైపు చూద్దాం. మాక్లూరు నుంచి నిజామాబాదు బస్సులో కొద్దిసేపటి దూరం. నిజామాబాదు దాటితే డిచ్‌పల్లిలో తెలంగాణ విశ్వవిద్యాలయం, అదీ 2006లో పుట్టిందే. సమీకృత కోర్సులు ఒకటి రెండు ఉన్నా అది ప్రధానంగా ఎం.ఏ.ల, ఎం.ఎస్సీ.ల విశ్వవిద్యాలయం. డిగ్రీ పిల్లలతో దాని సంబంధం ఎక్కువగా పరీక్షలూ మార్కుల మెమోలూ. డిగ్రీ చదివే పిల్ల పొద్దున బస్సెక్కి పట్నం పోయి, మధ్యాహ్నానికి తిరుగు బస్సు కోసం నిలబడుతుంది. ఉండటానికి హాస్టలు దొరికితే అది సంక్షేమ శాఖది. పాఠం కళాశాలది. పరిశోధన డిచ్‌పల్లిది. పడక ఒకరిది, పాఠం ఇంకొకరిది, ప్రశ్న మరొకరిది. ఈ మూడూ ఒక కప్పు కిందికి రావాలన్నదే నా వాదం.

కలిసి ఉండి చదవడం మా ప్రాంతానికి కొత్త కాదనడానికి ఒక చేదు ఉదాహరణ ఉంది. 1940లలో ఇందూరు ఖిల్లా జైలులో దాశరథి కృష్ణమాచార్య, వట్టికోట ఆళ్వారుస్వామి కలిసి బందీలుగా ఉన్నారు. ఒకరు పండితుడు. మరొకరు వంటపనీ హోటలు పనీ చేస్తూ సొంతంగా చదువుకొని, పుస్తక ప్రచురణకర్తగా ఎదిగినవాడు. దాశరథి అక్కడి గోడల మీద పద్యాలు రాశాడు. మా జిల్లాలో మొదటి సాహిత్య గురుకులం నిజాం కట్టిన గదుల్లోనే నడిచిందని అప్పుడప్పుడూ అనుకుంటాను.

గోదావరి అవతల బాసరలో 2008 నుంచి ఆర్జీయూకేటీ ఉంది కదా అంటారు. ఉంది. పదో తరగతి మార్కులతో పల్లె పిల్లలను తీసుకొని ఆరేళ్ళు అక్కడే ఉంచి చదివించడం గొప్ప ఆలోచనే. కానీ ఆ ఆరేళ్ళ చివర ఇంజనీరింగ్ ఒక్కటే. కథలు రాసే పిల్లకు అక్కడ చోటేదీ? పైగా కప్పు కట్టినంత మాత్రాన పని అయిపోదని కూడా బాసరే నేర్పింది. 2022 జూన్‌లో ఆ విద్యార్థులు కనీస వసతుల కోసం ఎండలో, వానలో రోజుల తరబడి కూర్చున్నారు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలో అంబేడ్కర్ విద్యార్థి సంఘానికి చెందిన అయిదుగురు పరిశోధకులను హాస్టలు నుంచి వెలివేయడం, వారిలో రోహిత్ వేముల 2016 జనవరి 17న ప్రాణం తీసుకోవడం మరవగలిగినవి కావు. ఉంటూ చదివేచోట గది పోవడమంటే చదువు పోవడమే. కాబట్టి గది తాళం ఎవరి చేతిలో ఉండాలన్నది పాఠ్యప్రణాళిక కంటే ముందు తేల్చవలసిన విషయం. ఏ శిక్షయినా పడనీ, గది మాత్రం లాక్కోకూడదన్న నియమం మొదటి పేజీలోనే ఉండాలని నేనంటాను.

“గిది చదివితే ఏం నౌకరి వస్తది?” అని మా ఊళ్ళో ఏ తల్లయినా అడుగుతుంది. అడగడం న్యాయం. బీడీలు చుట్టి ఫీజు కట్టే మనిషికి జ్ఞానానందం గురించి ఉపన్యసించడం అసహ్యం. కానీ నౌకరీ పేరుతో ఇచ్చిన చదువులు ఏం చేశాయి? 1937 నుంచి బోధన్‌ను నిలబెట్టిన నిజాం చక్కెర కర్మాగారం 2015 చివర మూతపడింది. యంత్రం తిప్పడం తెలిసినవాళ్ళు ఉన్నారు, లెక్కలు రాయడం తెలిసినవాళ్ళు ఉన్నారు. ఆ కర్మాగారం ఎందుకు ఆగిందో, చెరుకు పోయాక ఆ పొలాల్లో ఏం వచ్చిందో, గల్ఫుకు పోయినవాళ్ళ ఇళ్ళు ఎలా నడుస్తున్నాయో అర్థశాస్త్రమూ రసాయనశాస్త్రమూ మా భాషా కలిపి చదివి చెప్పగలిగినవాళ్ళు ఎంతమంది?

మాధ్యమం సంగతి కూడా. 1918లో ఉస్మానియా తెరిచినప్పుడు ఉర్దూలో పాఠాలు చెప్పడానికి ముందే అనువాద విభాగం పెట్టి పుస్తకాలు తయారుచేయించారు. అది తెలుగువాళ్ళ భాష కాదన్నది వేరే తగాదా. పాఠానికి ముందు పుస్తకమన్న ఆ క్రమం మాత్రం సరైనది. డిచ్‌పల్లి కళాశాలలో మొదటి ఏడాది తెలుగులో చర్చ, ఆంగ్లంలో పఠనం, రెండింట్లోనూ రాత ఉండాలి.

ఏడాదికి అరవైమంది చాలు. సగంమంది ఆడపిల్లలు. నాలుగు అధ్యాపకుల ఇళ్ళు అదే ఆవరణలో, భోజనశాల పక్కనే రాత్రి పదకొండు దాకా తెరిచివుండే గ్రంథాలయం. మొదటి సెమిస్టరు క్షేత్రపని బోధన్ శక్కర్‌నగర్‌లో, ఖాళీగా ఉన్న కార్మికుల క్వార్టర్ల మధ్య.