ఒక్క గేరు సైకిల్, ఒక నూలు దారం

మా మేడ మెట్ల కింద ఏడేళ్లుగా పడున్న సైకిల్‌ను పాత సామాన్లకు వేసేద్దామని అమ్మ ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ప్రతిసారీ నేనే అడ్డుపడ్డా. ఇంజినీరింగ్‌లో చేరినప్పుడు నాన్న చీటీ పాడి ఆ డబ్బుతో కొనిచ్చిన గేర్ల సైకిల్ అది. ఫైనలియర్‌లో ఒకరోజు వెనక గేర్లు మార్చే డిరైలర్ వంగి, పుల్లల్లో ఇరుక్కుని విరిగిపోయింది. తర్వాత ఉద్యోగం, బెంగళూరు, బైకు. సైకిల్ మాత్రం మెట్ల కిందే ఉండిపోయింది.

మొన్న దసరా సెలవులకు అక్క కొడుకు చిత్తూరు నుంచి తిరుపతి వచ్చాడు. ఎనిమిదో తరగతి. స్కూలుకు పోవడానికి సైకిల్ కావాలంటే, "కొత్తదెందుకురా, నేను చేసిస్తా చూడు" అని మాటిచ్చేశా. ఆలోచన సింపుల్. పాడైన గేర్లన్నీ పీకేసి ఒక్క గేరుతో నడిచేలా మార్చడం. మన తాతల సైకిళ్లన్నీ అలాంటివేగా!

ఆ మాటకొస్తే మౌంటెన్ బైక్ పుట్టిందే అలా. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్లు పాత లావు టైర్ల సైకిళ్లతో మట్టి కొండ మీంచి కిందికి పందేలు పెట్టుకున్నారు. ఆ సైకిళ్లలో చాలావాటికి ఒక్కటే గేరు, పెడల్ వెనక్కి తొక్కితే పడే బ్రేకు. ఒకసారి కిందికి దిగేసరికి హబ్‌లో గ్రీజు మాడిపోయి మళ్లీ నింపాల్సొచ్చేది. అందుకే ఆ పందేనికి 'రీప్యాక్' అని పేరొచ్చింది.

సరే, నా సంగతికొద్దాం. వీడియోలు చూసి ఒక ఆదివారం పని మొదలెట్టా. గేరు కేబుళ్లు, డిరైలర్లు తీసేశా. వెనక ఏడు పళ్లచక్రాల ఫ్రీవీల్ విప్పి, మామూలు సైకిళ్లకు వేసే 18 పళ్ల ఫ్రీవీల్ బిగించా. ముందు ఉన్న మూడింటిలో 34 పళ్ల మధ్య చక్రం మీద చైను వేశా. పెడల్ ఒక చుట్టు తిరిగితే 26 అంగుళాల చక్రం దాదాపు 3.9 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లు తొక్కితే గంటకు 14 కిలోమీటర్లు. స్కూలు పిల్లాడికి ఇంకేం కావాలి? ఇరుసును గాడిలో వెనక్కి లాగి, చక్రం ఫ్రేమ్ మధ్యలో ఉందని కంటితో చూసి నట్లు బిగించేశా.

సాయంత్రం కపిలతీర్థం నుంచి అలిపిరి వైపు ఎక్కుతుంటే వాడు సీటు మీంచి లేచి గట్టిగా తొక్కాడు. చైను ఊడింది. బరువంతా మోపిన కాలు ఒక్కసారిగా కిందికి జారిపోయింది. మనిషి హ్యాండిల్ మీదికి, అక్కణ్నుంచి రోడ్డు మీదికి. గడ్డం కింద నాలుగు కుట్లు పడ్డాయి. వెనక వస్తున్న ఆటో అతను బ్రేకు వేశాడు కాబట్టి సరిపోయింది. అక్క ఫోన్‌లో నన్ను తిట్టలేదు. "నువ్వు చేసిందని నమ్మి ఎక్కినాడు రా" అంది, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మర్నాడు కొర్లగుంటలో వేపచెట్టు కింద షాపు పెట్టుకున్న పెద్దాయన దగ్గరికి తోసుకెళ్లా. చుట్టూ తిరిగి చూసి అడిగాడు.

"చక్రం మధ్యలో ఉండాదని ఎవురు చెప్పినారు సామీ?"

"నేనే చూశా పెద్దాయనా, రెండు పక్కలా గ్యాప్ సమానంగానే ఉంది కదా."

"కింద సమానమే. పైన బ్రేకు కాడ చూడు."

చూశా. బ్రేకు దగ్గర రిమ్ము కుడివైపు జరిగి ఉంది! ఆయన చక్రం విప్పి, ఎడమది కుడికి తిప్పి పెట్టాడు. ఇప్పుడు రిమ్ము ఎడమకు జరిగింది. అంటే రిమ్ము ఇరుసుకు మధ్యలో లేదు. ఆ వంకర కనపడకుండా నేను చక్రాన్ని గాడిలో ఏటవాలుగా బిగించా. ఒక తప్పు ఇంకో తప్పును కప్పేసింది. మా ఆఫీసులో ఇలాంటి బగ్గులు రోజూ చూస్తుంటా. ఇంట్లో నేనే ఒకటి తయారుచేశా.

తర్వాత నూలు దారం తీశాడు. వెనక ఇరుసు గాడికి ఒక కొన కట్టి, ముందు హ్యాండిల్ గొట్టం చుట్టూ తిప్పి, రెండో పక్క గాడికి కట్టాడు. సీటు గొట్టానికీ దారానికీ మధ్య దూరం స్కేలుతో కొలిచాడు. రెండు పక్కలా ఒక్కటే. "మీ నాయన కొన్న ఫ్రేము సక్కంగా ఉండాది. తప్పంతా బిగించినోడిదే" అన్నాడు.

అసలు జబ్బు చైను లైను. ఏడు చక్రాలుండే చోట ఒక్క ఫ్రీవీల్ వేస్తే అది బాగా లోపలికి, పుల్లల పక్కకు పోయి కూర్చుంటుంది. ముందు చక్రమేమో బయటికి ఉంటుంది. చైను ఏటవాలుగా నడుస్తుంది. పైగా గేర్ల సైకిల్ ముందు చక్రం పళ్లు చైను సులువుగా పక్కకు దూకడానికే చేసినవి. లైను తప్పి, చైను వదులైతే ఊడక ఏం చేస్తుంది?

పెద్దాయన ఇరుసుకు కుడివైపున్న వాషర్లు తీసి ఎడమవైపు వేశాడు. హబ్ కుడికి జరిగి ఫ్రీవీల్ ముందు చక్రానికి ఎదురుగా వచ్చింది. తర్వాత గంటసేపు పుల్లలు ఒకవైపు బిగిస్తూ, ఇంకోవైపు వదులు చేస్తూ రిమ్మును మధ్యకు తెచ్చి బెండు తీశాడు. గేర్ల కోసం కుడివైపు పుల్లలు నిటారుగా, ఎడమవైపువి వాలుగా ఉండేవి. ఇప్పుడు రెండు పక్కలా దాదాపు సమానమై చక్రం ఇంకా గట్టిపడింది. గేర్ల సన్న చైను తీసి మామూలు చైను వేశాడు. రిమ్ము జరిగింది కాబట్టి బ్రేకు కట్టలూ మళ్లీ సరిచేశాడు.

మీ పాత సైకిల్‌ను ఇలా మార్చాలనుకుంటే ముందు ఇరుసు గాడి చూడండి. అది పొడుగ్గా, ముందుకూ వెనక్కూ జరిపేలా ఉంటేనే ఈ పని సులువు. నిలువు గాడి అయితే చైను బిగువు కోసం విడిగా టెన్షనర్ పెట్టాలి. బిగించేటప్పుడు కుడి నట్టు ముందు, చక్రం మధ్యకు లాగి ఎడమ నట్టు తర్వాత. కుడి నట్టు వదులైతే గట్టిగా తొక్కినప్పుడు చైను ఇరుసును ముందుకు లాగుతుంది, టైరు ఎడమవైపు ఫ్రేమ్‌కు రాసుకుంటుంది. చైను మధ్యలో అరంగుళం ఆడితే చాలు. పెడల్ చుట్టూ తిప్పుతూ ఎక్కడ బాగా బిగుస్తుందో అక్కడే చూడాలి. మధ్యలో ఉందా అన్నది కింద ఒకచోట, బ్రేకు దగ్గర ఒకచోట చూడండి. ఆ తర్వాత పిల్లలకు ఇచ్చే ముందు మీరే ఒక ఎత్తు ఎక్కండి.

నేను వారం రోజులు అలిపిరి వైపు పొద్దున్నే లేచి నిలబడి తొక్కా. చైను ఊడలేదు. దీపావళికి సైకిల్ చిత్తూరు చేర్చా. మా వాడు ఎక్కేముందు వెనక్కి వంగి బ్రేకు దగ్గర రిమ్మును చూశాడు. "ఏంరా, మామ మీద నమ్మకం లేదా?" అన్నా.

"ఉండాది మామా. ఊరికే చూస్తా ఉండా" అన్నాడు. గడ్డం కింద కుట్ల మచ్చ ఇంకా ఎర్రగానే ఉంది. చూడనీ అనుకున్నా.